సాకమ్మత్త తాగని నీళ్ళు

పోయిన వేసవిలో ఒక ఉదయం, కంబదూరు అవతలి పల్లె నుంచి హేమ అనే పిల్ల తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. డాక్టరు చదువుకు ఆ పిల్లకు మంచి ర్యాంకు వచ్చింది. ఏ కాలేజీ కోరుకోవాలో నన్ను అడగమని ఎవరో చెప్పారట. నేను డాక్టరును కాను. ఏడో తరగతితో బడి మానేసి, కరువు పనుల్లో తవ్విన మట్టికి కొలతలు వేస్తూ, ఆ గుంతల పక్కనే లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. మా చెల్లెలు సుంకమ్మ మాత్రం డాక్టరు. మా చుట్టుపక్కల మాదిగ ఇళ్ళలో మొదటి డాక్టరు. అందువల్ల ఇలాంటి సంగతి ఏదైనా ముందు నా గడప దగ్గరికి వచ్చి, తర్వాత ఆమె దగ్గరికి పోతుంది. హేమ చేతిలో కంప్యూటరు సెంటర్లో తీయించిన కాగితాలు దొంతరగా ఉన్నాయి. ఏ కాలేజీలో ఎన్ని సీట్లు, పోయినేడు ఏ ర్యాంకు దాకా సీటు వచ్చింది, హాస్టలుకు ఎంతవుతుంది, అన్నీ వరుసలు వరుసలుగా ఉన్నాయి. అన్ని అంకెలు ఒకచోట కనపడితే నాకు ఇప్పటికీ పండగే. కళ్ళద్దాలు పెట్టుకుని ఆశగా చూశాను.

"పెద్దనాయనా, మీ కాలంలో ఇవేమీ లేవు గదా. సుంకమ్మ మేడమ్‌కి కాలేజీ ఎట్ల ఎంచుకున్నారు?" అని అడిగింది హేమ.

"పోయి చూసినాం తల్లీ."

"కాలేజీనా?"

"ఊ. పెండ్లికి ముందు పిల్లోని ఇల్లు చూసేకి పోతారే, అట్ల."

పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ ఉండగానే, ఎన్నో ఏళ్ళుగా మా ఇంట్లో లేని తంగేడు చెక్క వాసన ఎక్కడి నుంచో వచ్చి ముక్కుకు తగిలినట్టయింది.

మా నాయన మారెప్ప కపిల బానలు కుట్టేవాడు. ఎద్దులు ముందుకూ వెనక్కూ నడుస్తూ బావిలోంచి నీళ్ళు తోడే పెద్ద తోలు బానలవి. ఇంటి వెనక తొట్టిలో సున్నపు నీళ్ళలోనూ తంగేడు చెక్క రసంలోనూ తోళ్ళు నానుతూ ఉండేవి. ఆ వాసన మా బట్టల్లో ఉండేది, తలలో ఉండేది, సుంకమ్మ పుస్తకాల్లో ఉండేది. ఊరి పిల్లలు బడిలో ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు మాత్రం ఆ వాసన ఉందంటే నాయనకు పని ఉన్నట్టు, పని ఉందంటే పొయ్యి మీద సంగటి ఉన్నట్టు. పొద్దున్నే అమ్మ సంగటి కెలికే కట్టె చప్పుడు, రోట్లో ఊరుబిండి నూరే చప్పుడు, నాయన ఆరెతో తోలు పొడిచే చప్పుడు కలిసి వినిపిస్తేనే నాకు తెల్లవారేది. నాయనకు ఒక అలవాటు ఉండేది. బావిని చూడకుండా బాన కుట్టేవాడు కాదు. రైతు వచ్చి బాన కావాలంటే ముందు పోయి ఆ బావి గట్టున కూర్చునేవాడు. గోడ రాళ్ళు ఎక్కడ పొడుచుకుని వచ్చాయో, బాన పైకి వచ్చేటప్పుడు ఎటు వైపు రాసుకుంటుందో చూసి, ఆ వైపు తోలు మందంగా వేసేవాడు. కరెంటు మోటార్లు వచ్చి బానలు అడిగేవాళ్ళు తగ్గాక మెట్లు, అదే తోలు చెప్పులు, కుట్టి బతికాం. అప్పుడు కూడా మనిషి నడక చూడకుండా చెప్పు కోసేవాడు కాదు.

నాయన అక్క సాకమ్మత్త మా ఎదురింట్లో ఉండేది. నిటారైన మనిషి. కుడి చేతికి వెండి దండకడియం, నోట్లో ఎప్పుడూ ఆకు వక్క. మా వాడలో ఏ ఆడపిల్లకు సంబంధం వచ్చినా పిల్లవాడి ఇల్లు చూసే పని ఆమెదే. ఆమె ముందు ఇంటి వెనక్కి పోయేది. నీళ్ళ తొట్టి మూత తీసి వాసన చూసేది. పొయ్యి దగ్గర ఎవరున్నారో, వాళ్ళతో ఇంట్లోవాళ్ళు ఎట్లా మాట్లాడుతున్నారో వినేది. ఇవన్నీ చూసి మనసుకు నచ్చేదాకా ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. నీళ్ళు తాగిందంటే సంబంధం ఖాయమైనట్టే. నోటితో అవునని గానీ కాదని గానీ ఎప్పుడూ చెప్పేది కాదు. గ్లాసు ఎత్తేది, లేదా చీర దులుపుకుని లేచేది. పిల్ల తండ్రి కళ్ళు ఆమె చేతి మీదే ఉండేవి. "నీళ్ళు తాగినాక తప్పులు పట్టేకి నోరు రాదప్పా" అని కారణం చెప్పేది. నాకు ఇంకో కారణం కూడా తోస్తుంది. అది ఊళ్ళో మాకు నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసే కాలం. హోటల్లో మా గ్లాసు బయట గూట్లో వేరుగా ఉండేది. ఎవరు ఎట్లా పోసినా తలవంచి తాగాల్సినవాళ్ళం. వద్దు అనగలిగింది ఆ ఇల్లు చూసే పూట మాత్రమే. అందుకేనేమో సాకమ్మత్త నోరు విప్పకుండానే ఆ మాటను అంత దర్జాగా చెప్పేది.

సుంకమ్మ నాకన్నా చాలా చిన్నది. కళ్యాణదుర్గం హాస్టల్లో ఉండి బడి ముగించి, అనంతపురంలో ఇంటరు చదివి, డాక్టరు చదువుకు పెట్టిన పరీక్షలో గట్టెక్కింది. ఆ కబురు వచ్చిన సాయంత్రం మా వాడలో డప్పులు మోగాయి. సాకమ్మత్త పుట్నాలూ బెల్లమూ కొంగులో పోసుకుని ఇల్లిల్లూ తిరిగింది. మా ప్రాంతం పిల్లలు కోరుకోదగ్గవి రెండు కాలేజీలు. పేర్లు రాయను. ఒకదానికి అనంతపురం మీదుగా బస్సులో పోవాలి. ఇంకోదానికి ధర్మవరం పోయి చిన్న పట్టాల రైలెక్కాలి. అందుకని మా ఇంట్లో అవి బస్సు కాలేజీ, రైలు కాలేజీ అయిపోయాయి. ఇంటర్వ్యూకు పిలిచి ఏది కావాలో అడుగుతారు, చెప్పాక మార్చరు అని హాస్టలు వార్డెను చెప్పాడు.

మార్చరు అన్న మాట దగ్గర సుంకమ్మ నవ్వు ఆగిపోయింది. దానికి కారణం ఓబులేసు. పక్క ఊరివాడు, మావాడే. అంతకు రెండేళ్ళ ముందు ఎక్కడో దూరాన డాక్టరు చదువులో చేరి, మొదటి పరీక్ష రాయకుండానే పెట్టె మోసుకుని తిరిగొచ్చాడు. తెలివి తక్కువవాడు కాదు. నా కొలతల్లో తప్పు పట్టగలిగిన మనిషి మా చుట్టుపక్కల అతనొక్కడే. సుంకమ్మను వెంటబెట్టుకుని పోయి, ఎందుకు వచ్చేశావని అతన్ని అడిగాను.

"కాలేజీ మంచిదే అన్నా. పుస్తకాలూ ఉండాయి. అర్థం కాకపోతే యెవుర్ని అడగల్లో తెల్లే. మనిషి లేడు" అన్నాడు ఓబులేసు, చెనిక్కాయల గంపలోంచి చెత్త ఏరుతూ.

తిరిగి వస్తుంటే దారిలో సుంకమ్మ అంది. "అన్నా, నేనూ అట్లే తిరిగొస్తే మన వాడలో ఇంగ యే ఆడపిల్లనూ సదివించరు. సాకమ్మత్త బెల్లం పంచింది గూడా యాదికొచ్చి నవ్వుతారు."

నేను నాకు తెలిసిన పని చేశాను. లెక్క వేశాను. చార్జీ, దూరం, సెలవులకు ఇంటికి వచ్చే వీలు, ఆసుపత్రి సైజు, ఒక్కోదానికి మార్కులు వేసి రెండు కాలేజీలనూ పక్కపక్కన నిలబెట్టాను. ధర్మవరం రైలు ఎప్పుడూ ఆలస్యమేనని ఆ ఖాతాలో రైలు కాలేజీకి గట్టిగా మార్కులు కోశాను. బస్సు కాలేజీ సులువుగా నెగ్గింది.

"ఏమప్పా, తేలిందా నీ లెక్క?" అంది సాకమ్మత్త మా వాకిట్లో కూర్చుని ఆకు మడుస్తూ.

"తేలింది అత్తా. బస్సు కాలేజీ."

"యాలా?"

"దగ్గర. చార్జీ తక్కువ. రైలు యాపొద్దూ లేటే."

"మొగుని ఎత్తు కొలిచి కాపురం ఎట్లుంటాదో చెప్తాండావు నువ్వు. ఆడ నీళ్ళెట్లుండాయి? పొయ్యి కాడ యెవురుండారు? పిల్ల ఏడిస్తే చూసేవాళ్ళెవురు? అది కొలిచినావా?"

"అది కొలతకు రాదత్తా."

"రాకపోతే పోయి చూడల్ల." నాయన వైపు తిరిగింది. "రేయ్ మారెప్పా, బావి చూడకుండా బాన కుడతావా నువ్వు?"

నాయన ఆరె కింద పెట్టాడు. "యాడ కుడతానక్కా" అన్నాడు. అంతటితో ప్రయాణం ఖాయమైంది.

మొదట బస్సు కాలేజీకి పోయాం. సాకమ్మత్త పెట్టెలో దాచుకున్న జరీ అంచు చీర కట్టింది. నాయన తను కుట్టుకున్న కొత్త మెట్లు తొడిగాడు. కాలేజీ భవనం చూసి నేను నోరు తెరిచాను. అంత పొడుగు వరండాలు నేను ఎక్కడా కొలవలేదు. ఆఫీసు గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. "సీటొచ్చినాక రాండమ్మా. ఇప్పుడు చూసేకి ఏముండాది?" అన్నాడు.

"పెండ్లయినాక ఇల్లు చూస్తారా సామీ?" అంది అత్త.

ఆయన బిత్తరపోయి, నవ్వి, మా కోసం టీ తెప్పించబోయాడు. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. ఆడపిల్లల హాస్టలు వెనక్కి పోయి తొట్టి మూత తీసి చూసింది. నీళ్ళు బాగున్నాయంది. వంటశాల శుభ్రంగా ఉందంది. ఒక్క తప్పు కూడా దొరకలేదు. కానీ అవి సెలవులు. హాస్టల్లో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. ఆసుపత్రి వరండాల్లో పోయేవాళ్ళందరూ పనుల తొందరలో ఉన్నారు. అడగాల్సిన ఒక్క మాట అడగడానికి అత్తకు మనిషి దొరకలేదు. ఎండలో సాయంత్రం దాకా తిరిగి, నాలుకలు పిడచకట్టుకుపోయాక బస్టాండు కుళాయి దగ్గర నీళ్ళు తాగాం. "ఇల్లు శానా బాగుండాది. ఇంట్లో మనుసులే కనపళ్ళే" అంది అత్త మొహం కడుక్కుంటూ. నా లెక్కే నెగ్గిందని నేను లోపల సంతోషపడ్డాను.

తర్వాతి వారం ధర్మవరం స్టేషన్లో నా సంతోషం రెట్టింపయింది. రైలు లేటు. మధ్యాహ్నం రావాల్సింది పొద్దు వాలినా జాడ లేదు. "చూసినావా?" అన్నట్టు అత్త వైపు చూశాను. ఆమె వేయించిన చెనిక్కాయలు ఒలుచుకుంటూ, పక్కన గాజుల మూట పెట్టుకుని కూర్చున్న సాయిబుల ఆమెతో అప్పటికే చుట్టరికం కలిపేసింది.

"పిల్లకు ఇల్లు చూసేకి పోతాండాం" అని చెబుతోంది.

"పిల్లోడు యేం చేస్తాడక్కా?"

"డాక్టర్లను తయారు చేస్తాడంట."

ఆమె కాసేపు ఆలోచించి, మంచి సంబంధమేనంది. సుంకమ్మ పైటచెంగు నోట్లో కుక్కుకుంది. అప్పటిదాకా బిగుసుకుని ఉన్న పిల్ల ఆ ప్రయాణమంతా నవ్వుతూనే ఉంది. రైలు కదిరి దాటి గుట్టల మధ్య బద్ధకంగా పోతుంటే, అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు ఊరుబిండి నంజుకుని తిన్నాం. ఆ కారానికి తెచ్చుకున్న చెంబు నీళ్ళు దారిలోనే అయిపోయాయి.

మరునాడు ఎండ నడినెత్తిన ఉండగా రైలు కాలేజీ ఆడపిల్లల హాస్టలు వరండాలో బల్ల మీద కూర్చున్నాం. తెల్లకోటు వేసుకున్న ఒకామె లోపలి నుంచి వచ్చింది. నాకన్నా కొంచెం పెద్దదేమో. ఎవరి కోసం వచ్చారని అడిగింది. మా చెల్లెలికి సీటు వచ్చేట్టుంది, చేర్చేముందు ఒకసారి చూసి పోదామని వచ్చాం అని చెప్పాను. ఆమె మొహం విప్పారింది. లోపలికి పోయి పళ్ళెంలో నాలుగు స్టీలు గ్లాసుల నీళ్ళు తెచ్చి పెట్టింది. కుండ నీళ్ళు. గ్లాసుల బయట చెమ్మ పట్టింది. సాకమ్మత్త గ్లాసు ఎత్తలేదు. ఆమె ఎత్తలేదు కాబట్టి మేమూ ఎత్తలేదు. నాయన వేపచెట్టు వైపు చూశాడు. నేను గ్లాసు మీది చెమ్మ చుక్కగా మారి కిందికి జారడం చూస్తూ కూర్చున్నాను.

తెల్లకోటామె మొహంలో నవ్వు మెల్లగా పోయింది. పళ్ళెం వెనక్కి తీసుకోబోతూ, "కుండ నీళ్ళే పెద్దమ్మా. నేను ముంచింది వద్దనుకుంటే మీరే వచ్చి ముంచుకోండి" అంది.

ఆ గొంతు నాకు తెలుసు. తన చేతి నీళ్ళు ఎదుటివాళ్ళు తాగరని తెలిసినప్పుడు మా అమ్మ గొంతు అట్లాగే అయ్యేది. తెల్లకోటు వేసుకున్న మనిషి దగ్గర అది ఎందుకు వినిపించిందో నాకు అంతుబట్టలేదు.

"మా ఊరివాళ్ళు యెవురన్నా చెప్పినారా మీకు, నేనెవురో?" అని అడిగింది ఆమె.

"యెవురో అంటే?" అంది అత్త.

"మాదిగ పిల్లనని."

సాకమ్మత్త ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత తల వెనక్కి వేసి, గేటు దగ్గరి వాచ్‌మన్ ఉలిక్కిపడి తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. "రేయ్ మారెప్పా, ఇన్నావా? మనం పెద్ద కులమోళ్ళ మాదిరి కనపడినామంట్రా!" అని నాయన వీపు మీద చరిచింది. ఎప్పుడూ పెదవులు విప్పకుండా నవ్వే మా నాయన ఆ రోజు పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.

"మేమూ మాదిగోళ్ళమే కూతురా. తాగనిది కులానికి కాదు. నీళ్ళు తాగితే సంబంధం ఖాయమైపోతాది. ఇంగా ఇల్లు చూడందే ఎట్ల తాగేది?"

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. నేను మా అత్త పద్ధతి మొదటి నుంచీ వివరించాను. వింటూ వింటూ ఆమె మెట్టు మీద కూలబడి, నవ్వీ నవ్వీ కోటు చేతితో కళ్ళు తుడుచుకుంది. పేరు రత్నమ్మ అని చెప్పింది. ఆ కాలేజీలోనే చదివి, ఇప్పుడు మొదటి ఏడాది పిల్లలకు ఎముకల పాఠం చెబుతూ హాస్టల్లోనే ఒక గదిలో ఉంటోందట. మా మనుషుల్లో ఒక డాక్టరును చూడడం మాకు అదే మొదలు. సుంకమ్మ ఆమెను కళ్ళార్పకుండా చూస్తోంది.

"అయితే మనోళ్ళే గదా పెద్దమ్మా. తాగండి ఇంగ" అంది రత్నమ్మ.

నేను గ్లాసు వైపు చెయ్యి చాపాను. అత్త నా చేతి మీద ఒక్కటిచ్చింది. "మనోళ్ళయితే మాత్రం? లే కూతురా, ముందు తొట్టి చూపించు."

మగవాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు. నాయనా నేనూ ఆ నాలుగు గ్లాసులకు కాపలాగా వరండాలోనే మిగిలిపోయాం. లోపలి నుంచి మూతల చప్పుడూ, అత్త గొంతూ వినిపిస్తున్నాయి. చాలాసేపటికి బయటికి వచ్చి బల్ల మీద కూర్చుని, తీర్పు చెప్పేవాళ్ళలాగా మొదలుపెట్టింది.

"తొట్టికి పాచి పట్టుండాది."

"రేపే కడిగిస్తా పెద్దమ్మా."

"చారు నీళ్ళు నీళ్ళుగా ఉండాది."

"అది నా చేతిలో లేదు. నేనూ అదే తింటాండా."

"ఆ మూల గదికి కిటికీ రెక్క లేదు."

"అది నాదే" అంది రత్నమ్మ తలవంచుకుని.

లెక్క ప్రకారం బస్సు కాలేజీ ఇంకా పైకి పోయింది. నేను లేవడానికి సిద్ధపడ్డాను. అత్త మాత్రం కదలలేదు. నోట్లోంచి ఆకు తీసి పారేసి, ఇంతసేపూ దాచుకున్న మాట అడిగింది. "ఇవన్నీ సరే. మా పిల్లకు చదువు అర్థం కాక ఏడుపొస్తే యెవురితో చెప్పుకోవల్ల?"

రత్నమ్మ వచ్చి సుంకమ్మ పక్కన కూర్చుంది.

"నేను మొదటి ఏడు పరీక్ష తప్పినా పెద్దమ్మా. మళ్ళీ చదువుదామంటే అడిగేకి మనిషి లేరు. ఇంటికి పోయేదే మేలనుకుని పెట్టె తీసుకుని స్టేషన్‌కి పోయినా. ఆ పొద్దు రైలు లేటు. కూచున్నా, కూచున్నా, ఎంతకూ రాదు. ఆకలయింది. విసుగొచ్చి, ఇంత అన్నం తిని మళ్ళీ పోదాంలే అని హాస్టలుకు వచ్చినా. తిన్నాక పోబుద్ధి కాలే." సుంకమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆ రైలు టయానికి వచ్చింటే నేను ఈ పొద్దు మా ఊళ్ళో కలుపు తీస్తాంటి. మీ పిల్లకు రైలు లేటయ్యే పని లేదు. రెక్క లేని కిటికీ గది నాది. ఎప్పుడైనా తలుపు కొట్టొచ్చు."

సాకమ్మత్త చెయ్యి చీరకు తుడుచుకుని గ్లాసు ఎత్తింది. గుటక గుటకకూ దండకడియం కదులుతుంటే, ఒక్క చుక్క మిగల్చకుండా తాగి, గ్లాసు పళ్ళెంలో బోర్లించింది. ఆమె వెనక నాయన, సుంకమ్మ, నేను. అప్పటికి నీళ్ళ చల్లదనం ఎప్పుడో పోయింది. అయినా అంత రుచిగల నీళ్ళు నేను మళ్ళీ తాగలేదు. రత్నమ్మ ఇంకో చెంబు తెచ్చింది. అదీ అయిపోయింది. నేను రైలు ఆలస్యానికి కోసిన మార్కులు ఆ వరండాలో కూర్చునే మనసులో కొట్టేశాను. నా జీవితంలో ఒక కొలత అంతగా తలకిందులైనా అంత ఆనందం కలిగింది ఆ ఒక్కసారే.

ఇంటర్వ్యూలో సుంకమ్మ రైలు కాలేజీ పేరు చెప్పింది. మీ ఊరికి రెండోది దగ్గర కదమ్మా అన్నాడట పెద్దాయన. "ఇల్లు చూసుకున్నాం సార్" అందట మా పిల్ల. ఆయనకు అర్థం కాకపోయినా రాసుకున్నాడట.

ఏడవకుండా ఎవరూ డాక్టరు కారు కాబోలు. కొన్నాళ్ళకే సుంకమ్మ ఒక సాయంత్రం ఆ తలుపు కొట్టిందట. రత్నమ్మ తలుపు తీసి, చాప పరిచి, కూర్చోమని, ఈమె ఏడుపు అయ్యేదాకా తన పుస్తకం తను చదువుకుందట. అయ్యాక తలెత్తి, "ఏ ఎముక?" అని అడిగిందట. ఈ మాట చెప్పినప్పుడల్లా సుంకమ్మ ఇప్పటికీ పడీ పడీ నవ్వుతుంది.

మొదటి సెలవులకు వచ్చినప్పుడు ఒక గోనెసంచి మోసుకొచ్చింది. నిండా మనిషి ఎముకలు. చదువుకోవడానికి సీనియర్లు తమవాళ్ళనుకున్న జూనియర్లకు అవి ఇచ్చిపోవడం ఆ కాలేజీలో అలవాటట. మన పిల్లలకు ఇచ్చేవాళ్ళు లేరని రత్నమ్మ తనవి దాచి ఉంచిందట. అమ్మ వాటిని ఇంట్లోకి రానివ్వలేదు. నాయన మాత్రం వాకిట్లో సంచి విప్పుకుని, పొడుగు ఎముక ఒకటి తీసి తన తొడ మీద ఆనించి చూసుకున్నాడు.

"ఇది ఈడిదా పాపా?"

"ఔ నాయనా."

"శానా నున్నగుండాది. గోనెసంచిలో రాసుకుంటే అరిగిపోతాదే" అన్నాడు.

మరుసటి రోజు అటక మీద మిగిలిన ఆఖరి బాన తోలు దించాడు. ఆముదం పట్టించి మెత్తబరిచి, ఎముకలు ఎక్కడ గుచ్చుకుంటాయో చూసి అక్కడ రెండు పొరలు వేసి, భుజానికి తగిలించుకునే సంచి కుట్టాడు. కుట్టాక బానను చూసినట్టే దాని నిండా నీళ్ళు పోసి, వేపకొమ్మకు వేలాడదీసి కింద కూర్చున్నాడు.

"ఎముకలకు నీళ్ళు కారితే యేమి, కారకపోతే యేమి మారెప్పా?" అని సాకమ్మత్త ఎగతాళి చేసింది.

"కుట్టు కుట్టే గదక్కా" అన్నాడు నాయన. ఒక్క చుక్క కారలేదు. ఆ సంచి సుంకమ్మ తర్వాత ఆదోని వైపు పిల్లకు పోయింది, ఆ పిల్ల నుంచి ఇంకో పిల్లకు. రత్నమ్మ గదిలో అది చేతులు మారుతున్నన్నాళ్ళూ మాకు తెలిసేది. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. కుట్టు ఊడి ఉండదని మాత్రం చెప్పగలను.

కరువు పనుల్లో గుంత తవ్వేటప్పుడు మధ్యలో ఒకచోట మట్టిని ముట్టకుండా దిమ్మెలాగా వదిలేస్తారు. పని అయ్యాక ఎంత లోతు తవ్వారో ఆ దిమ్మె ఎత్తు కొలిచి చెబుతాం. నాయనా, సాకమ్మత్తా పోయి చాలా కాలమైంది. తోలు తొట్టి పూడ్చేసి అక్కడ కుళాయి వేయించాం. హోటల్లో గ్లాసు అందరికీ ఒకటే అయింది. డాక్టరు చదువుకు అనంతపురంలోనే కాలేజీ వచ్చింది. ఇంత మారిందని సంతోషపడేటప్పుడు, ఎక్కడి నుంచి మారిందో కొలుచుకోవడానికి నా దగ్గర ఉన్న దిమ్మె ఆ వరండాలో ఎవరూ ముట్టని నాలుగు గ్లాసులు. హేమ కాగితాల్లో అన్నీ ఉన్నాయి. ఎవరి తలుపు కొట్టాలో మాత్రం లేదు. ఓబులేసుకు లేనిది ఇప్పటికీ అంకెల్లో దొరకదు.

ఆ మధ్యాహ్నమే తల్లినీ పిల్లనూ బస్సెక్కించి బుక్కరాయసముద్రంలో సుంకమ్మ ఇంటికి తీసుకుపోయాను. దారంతా హేమకు ఈ కథే చెప్పాను. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన సుంకమ్మ చీర కూడా మార్చుకోకుండా అందరికీ నీళ్ళు తెచ్చి పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. హేమ తల్లి గ్లాసు అందుకోబోయి, కూతురి వైపు చూసి ఆగిపోయింది.

"నువ్వు తాగు వదినా. ఖాయం చేసేది పిల్ల గదా" అంది సుంకమ్మ.

హేమ తన గ్లాసు ముట్టుకోలేదు. కాగితాలన్నీ మడిచి పక్కన పెట్టేసింది. "మేడమ్, నాకు ఇంగ్లీషు అంతగా రాదు. పాఠం అర్థం కాకపోతే ఆడ యెవుర్ని అడగల్ల?" అంది. చూపు తిప్పలేదు.

"నాకు తెలిసిన మేడమ్‌లు రెండు కాలేజీల్లో ఉండారు. ఎట్లాంటివాళ్ళో నేను చెప్తే చాల్దు. ఎల్లుండి నాకు డ్యూటీ లేదు. పోయి చూద్దాం."

"మనమా? మీరూ వస్తారా?"

"చూడకుండా యెట్ల పంపేది నిన్ను?"

హేమ ముందున్న గ్లాసు వైపు చూసింది. మంచి ఎండలో వచ్చిన పిల్ల, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. రెండు వేళ్ళతో ఆ గ్లాసును మెల్లగా అవతలికి జరిపింది.

"అయితే పోయొచ్చినాక తాగుతా మేడమ్" అంది.

సుంకమ్మ తల వెనక్కి వేసి నవ్వింది. వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా, అచ్చం సాకమ్మత్త లాగా. నేను వంటింట్లోకి పోయి ఒక చిన్న మూత వెతికి తెచ్చి, ఆ నిండు గ్లాసు మీద పెట్టాను.